గడప లేని గది

తాళ్ళరేవులో దొరబాబు కట్టుకున్న ఇంటికి వీధి వైపు గుమ్మానికి గడప ఉంది. పెరటి వైపు గుమ్మానికి లేదు. ఆ తలుపు తీస్తే గది నేల అలాగే వసారాలోకి సాగిపోయి, వసారా చివర ఉప్పుటేరు మెరుస్తూ కనిపించేది. "వడ్రంగోడి ఇంటికే గడప లేదు చూడండి" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. పురుగూ పుట్రా లోపలికొస్తాయని పక్కింటివాళ్ళు భయపెట్టేవారు. దొరబాబు అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "కర్ర చాల్లేదండీ." చాలకపోవడం ఏమీ లేదు. పెరట్లో మంచి టేకు దుంగ ఒకటి వానకి నానుతూ, ఎండకి ఎండుతూ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండేది.

ఆ గడప సంగతి కువైట్‌లో మొదలైంది.

దొరబాబు పడవలు కట్టేవాళ్ళింట పుట్టాడు. తండ్రి పలకని వంచుతుంటే రెండో కొస పట్టుకుని పెరిగాడు. చెక్క పడవలు అడిగేవాళ్ళు తగ్గిపోయాక, ఉన్న పూరిల్లు తీసేసి పక్కా ఇల్లు కట్టుకోవాలన్న ఆశతో డెబ్బై ఎనిమిదిలో కువైట్ వెళ్ళాడు. ఆర్నెల్లకి గంగారత్నం కూడా వచ్చేసింది. ఆమె అతని మేనమామ కూతురు. పిల్లలు కలగలేదు. ఊళ్ళో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనంది. ఇద్దరూ ఒకే దేశంలో ఉంటాం కదా, అదే పదివేలు అనుకున్నారు.

వచ్చాక తెలిసింది, దేశం ఒకటైతే చాలదని. అతను సముద్రపు దారిలో కంపెనీ క్యాంపులో ఉండేవాడు. గదినిండా అంతస్తు మంచాలు, ఆరేసిన బట్టలు, పది ఊళ్ళ గురకలు. ఆమె జాబ్రియాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదిలో పడుకునేది. ఇంటావిణ్ణి అందరు పనివాళ్ళలాగే 'మామా' అని, అంటే వాళ్ళ భాషలో అమ్మా అని, పిలిచేది. ఆ మామా శుక్రవారం మధ్యాహ్నం, అదీ వారం విడిచి వారం, కాసేపు వదిలేది.

అప్పుడు ఇద్దరూ జమియా దగ్గర కలుసుకునేవారు. జమియా అంటే ఆ పేటవాళ్ళ సరుకుల దుకాణం. దాని వెనక గోడకి మధ్యాహ్నం దాటాక కాస్త నీడ పడేది. ఆ నీడలో సిమెంటు గట్టు మీద, మధ్యలో చెయ్యంత దూరం ఉంచి కూర్చునేవారు. పోలీసు బండి వస్తే దొరబాబు చెయ్యి దానంతటదే జేబులోని ఇఖామా అనే అనుమతి కార్డు మీదకి పోయేది.

"మొగుడూ పెళ్ళాలం అని మొహం మీద రాసుండదు కదా బావా" అనేది గంగారత్నం.

"నువ్వు తిట్టే తిట్లు వింటే వాళ్ళకే తెలుస్తాది."

"తిట్టడానికి కూడా టైం సాలట్లేదు. ఏం తిన్నావో అడిగేలోపు సుభాన్ హారన్ కొడతాడు."

సుభాన్ రాయచోటి మనిషి. కంపెనీ పికప్పు నడిపేవాడు. అల్ రాయ్ గోడౌన్లలో సామాను ఎత్తుకొచ్చే దారిలో దొరబాబుని జాబ్రియాలో దించి, తిరుగు దారిలో ఎక్కించుకునేవాడు. అప్పుడప్పుడు ఇద్దర్నీ అబ్బాసియాలో తన అక్క ఇంటికి భోజనానికి తీసుకెళ్ళేవాడు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు. గంగారత్నం ఒళ్ళో ఒకరు, మెడ మీద ఒకరు. వాళ్ళని చూసి నవ్వుతూనే ఉండేది గానీ తిరిగి వచ్చేటప్పుడు బండిలో మాట్లాడేది కాదు.

మూడేళ్ళు అలా గడిచాయి. ఆ మూడేళ్ళలో వాళ్ళిద్దరే ఒక కప్పు కింద ఒక్క పూట కూడా ఉండలేదు.

దొరబాబు పనిచేసే కంపెనీ యుగోస్లావియా వాళ్ళది. సముద్రపు ఒడ్డున ప్రభుత్వం కట్టిస్తున్న పెద్ద హోటల్ వాళ్ళ చేతిలో ఉంది. ఆ కంపెనీకి షావుకారంటూ లేడనీ, వాళ్ళ దేశంలో పనివాళ్ళందరూ కలిసి దానికి యజమానులనీ చెప్పుకునేవారు.

"అందరూ యజమానులైతే మరి ఫోర్‌మన్ మన మీద ఎందుకు అరుస్తాండాడు దొరన్నా?" అని సుభాన్ అడిగాడు.

"మనం ఆ అందరిలో లేం కదేటి."

హోటల్ మెట్లు మెట్లుగా సముద్రం వైపు దిగుతూ ఉండేది. ప్రతి వరసా కింది వరస కంటే వెనక్కి ఉంటుంది కాబట్టి ఒకరి బాల్కనీ ఇంకొకరికి అడ్డం రాదు. ప్రతి గదికీ సముద్రం దొరుకుతుంది. గోడలకి ప్లాస్టరింగ్ లేదు. పోతకి బిగించిన చెక్కపెట్టెలు విప్పాక కాంక్రీటు ఎలా వస్తే అలాగే ఉంచెయ్యమన్నారు. సుభాన్ చూసి, "ఇదేందబ్బా, కట్టకముందే పాతబడినట్టుండాది" అన్నాడు. దొరబాబుకి మాత్రం ఆ గోడలంటే లోపల్లోపల ఇష్టం. పోత పోసిన చెక్కపెట్టెలన్నీ అతని ముఠా బిగించినవే. ఏ పలకలో ఏ ముడి ఉందో గోడ మీద అలాగే అచ్చు పడేది.

హోటల్ గీసిన వాళ్ళలో ఒకావిడ సైట్లోనే ఉండేది. పేరు వెస్నా. మనవాళ్ళు వెస్నమ్మ అనేవారు. నలభై దాటిన మనిషి, మగవాళ్ళ బూట్లు, ఎండకి కమిలిపోయిన ముక్కు. కాస్త హిందీ, కాస్త ఇంగ్లీషు, కాస్త అరబ్బీ కలిపి మాట్లాడేది. ఒకరోజు టీ తాగుతుంటే పర్సులోంచి ఒక పోస్టుకార్డు తీసి దొరబాబుకి చూపించింది. ఇలాంటిదే మెట్ల హోటల్. ముందు నీలం సముద్రం. బాల్కనీల నిండా కుర్చీల్లో లావుపాటి ఆడవాళ్ళు, బనీన్లు వేసుకున్న మగవాళ్ళు.

"వీళ్ళు షేకులా మేడం?" అన్నాడు దొరబాబు.

ఆవిడ పగలబడి నవ్వింది. "వీళ్ళు చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు. ఆవిడ మిల్లులో నూలు వడుకుతుంది. ఏటా రెండు వారాలు యూనియన్ పంపిస్తుంది. మా దగ్గర సముద్రం వాళ్ళ కోసమే."

"రెండు వారాలు ఏం చేస్తారు మేడం అక్కడ?"

"ఏమీ చెయ్యరు."

దొరబాబుకి అది అర్థం కాలేదు. సముద్రం దగ్గర వల లాగాలి, పడవ తోయాలి, చేపలు ఎండెయ్యాలి. లేదంటే గాలివాన వస్తుందేమోనని భయపడుతూ చూడాలి. ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటారు? శుక్రవారం గంగారత్నానికి చెబితే ఆమె కూడా నమ్మలేదు. "మరి అంట్లెవరు తోమతారు?" అని అడిగింది. ఆ తర్వాత "రెండు వారాలొద్దు. ఒక్క రోజు సాలు మనకి" అంది.

ఎనభై ఒకటిలో వెస్నా సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళింది. ఆ రోజుల్లోనే మూడో వరస బాల్కనీ గుమ్మాలకి నేల పోత వచ్చింది. దొరబాబు డ్రాయింగు విప్పి చూస్తే గుమ్మం దగ్గర గడప లేదు. లోపలి నేలా బయటి నేలా ఒకే మట్టంలో సన్నటి గీతలా సాగిపోయాయి. గీసిన కుర్రాడెవడో మర్చిపోయాడనుకున్నాడు. గడప లేకుండా గుమ్మం ఎక్కడైనా ఉంటుందా? అందునా ఇది సముద్రం వైపు గుమ్మం. చిన్నప్పుడు ఒక గాలివానలో ఉప్పునీళ్ళు గడప అంచుదాకా వచ్చి, కాసేపు ఆగి, తర్వాతే లోపలికొచ్చాయి. ఆ కాసేపట్లోనే వాళ్ళ నాన్న పిల్లలందర్నీ అటకెక్కించాడు. గంగారత్నం కూడా ఆ పిల్లల్లో ఉంది. ఆ సంగతి దొరబాబు ఎన్నడూ మర్చిపోలేదు.

ఎవర్నీ అడగలేదు. మంచిపనికి అడగడమెందుకు? ముఠాచేత జానెడు ఎత్తు చెక్కలు కట్టించి, మూడో వరస గదులన్నిటికీ కాంక్రీటు గడపలు పోయించాడు. మొదటి గడపలో పచ్చి కాంక్రీటు మీద నాలుగు పసుపు బియ్యం గింజలు కూడా వేశాడు. మలయాళీ ఫోర్‌మన్ చూశాడు గానీ వాళ్ళ ఇళ్ళకీ గడపలుంటాయి కదా, అతనికీ తప్పనిపించలేదు.

వెస్నా తిరిగొచ్చి చూసింది. అరవలేదు. దొరబాబుని ఒక గదిలోకి పిలిచి, మంచం వేసే చోట ఉత్త నేల మీద వెల్లకిలా పడుకుంది. అతన్నీ పడుకోమంది. మేడం పక్కన నేల మీద పడుకోవడమంటే అతనికి చెమటలు పట్టాయి. గోడ వారకి జరిగి ఒత్తిగిల్లాడు.

"ఏం కనిపిస్తోంది?"

"గడప మేడం."

"ఇంకా?"

"దాని మీద... ఆకాశం."

"సముద్రం ఎక్కడ?"

సముద్రం లేదు. గడప దాన్ని సరిగ్గా మింగేసింది.

"పడుకున్నవాడు కళ్ళు తెరవగానే నేల, ఆ తర్వాత సముద్రం. మధ్యలో ఏమీ ఉండకూడదు. సముద్రం గదిలోకి వచ్చెయ్యాలి" అంది వెస్నా.

"అది రాకూడదనే కదా మేడం కట్టింది" అన్నాడు దొరబాబు.

ఆవిడ లేచి కూర్చుని అతని మొహంలోకి చూసింది. ఏమనుకుందో తెలీదు. "ఖలాస్. అన్నీ తీసెయ్" అని వెళ్ళిపోయింది.

జూన్ ఎండల్లో ముఠా అంతా సుత్తులూ ఉలులూ పట్టుకుని ఆ గడపలు చెక్కింది. పోసినప్పుడు ఒక్క పూట పని. తియ్యడానికి వారాలు పట్టింది. ముక్కులో నోట్లో సిమెంటు దుమ్ము. "నీ గడపలు నీకు తగలెయ్య" అని ముఠా తిట్టింది. క్యాంపులో అతని పేరే 'గడపల దొరబాబు' అయిపోయింది. తను చెయ్యాల్సిన గదులు చేసి, పక్కవాళ్ళవి కూడా చేసేవాడు. తప్పు తనది కాబట్టి. రాత్రి కంచంలో చెయ్యి పెడితే వేళ్ళు ముడుచుకునేవి కావు.

ఆ నెలలోనే గంగారత్నం జమియా గోడ దగ్గర ఒక వార్త చెప్పింది. మామా వాళ్ళు ఇంటిల్లిపాదీ లండన్ వెళ్ళిపోతున్నారు. వీసా ఖలాస్. వచ్చే నెల ఆమెని ఊరికి పంపేస్తున్నారు. దొరబాబుకి ఇంకో ఏడాదిన్నర దాకా సెలవు లేదు.

"పోన్లే, ఇంటి పని నేను మొదలెట్టిస్తాను. నువ్వొచ్చేసరికి గోడలు లేస్తాయి" అంది. ఆ మాట అంటూ గోడ నీడలోకి ఇంకాస్త జరిగింది.

ఆమె గోడలు లేపలేదు. ఊరెళ్ళిన ఏడాదికే కామెర్లొచ్చి పోయింది. తంతి అందేసరికే అంతా అయిపోయింది. దొరబాబు ఆ తర్వాత ఎన్నడూ ఆ గోడ దగ్గరికి వెళ్ళలేదు. కానీ ఇవన్నీ తర్వాతి మాటలు. ఆ శుక్రవారం గట్టు మీద కూర్చున్నప్పుడు వాళ్ళకి తెలిసింది ఒక్కటే. నెల రోజులుంది, ఆ నెలలో గోడ నీడ రెండుసార్లు దొరుకుతుంది.

అప్పుడు హోటల్లో కొత్త సంగతి పుట్టింది. కట్టడం అప్పగించేముందు ఒక శుక్రవారం కట్టినవాళ్ళే గదుల్లో ఉండాలట. కుళాయిలు తిప్పి, ఏసీలు వేసి, తలుపులు తీసి మూసి ఎక్కడ ఏం సరిగా లేదో చెప్పాలట. ఆ కంపెనీ వాళ్ళకి అది ఆచారం. యుగోస్లావియా వాళ్ళకి పెళ్ళాంపిల్లలతో ఒక్కో గది. మనవాళ్ళలో ముఠాకి ఇద్దరు చొప్పున, ఆ ఇద్దరికీ ఒక గది.

గడపల దొరబాబుని ఎవరు పిలుస్తారు? అతను పేరు కూడా ఇవ్వలేదు. కానీ వెస్నా స్వయంగా వచ్చింది. "మూడో వరసలో నువ్వు పడుకోవాలి. పడుకుని చూసి చెప్పాలి, నేను అన్నది సరో కాదో."

మూడేళ్ళలో దొరబాబు ఎవర్నీ ఏమీ అడగలేదు. సుభాన్ వెనకనించి "అడగన్నా, అడుగు, నోరు యాడ పెట్టుకున్యావు" అని గొణుగుతున్నాడు.

"మేడం, రెండో మనిషి... నా భార్య రావచ్చా?"

పక్కనే ఉన్న ఫోర్‌మన్ పెద్దగా నవ్వాడు. "ఇక్కడ నీకు భార్యెక్కడిది? కొత్తగా కట్టుకున్నావా?"

"జాబ్రియాలో ఉంది సార్. మూడేళ్ళయింది."

"మరి నువ్వెక్కడుంటావు?" అంది వెస్నా.

"క్యాంపులో మేడం."

వెస్నా జేబులు తడుముకుని సిగరెట్టు తీసింది, వెలిగించకుండానే చాలాసేపు పట్టుకుంది. తర్వాత ఫోర్‌మన్‌కేసి తిరిగి, "మూడో వరసలో చివరి గది. ఆయనా, ఆవిడా" అంది.

గది దొరికింది. ఇంక మనిషి దొరకాలి. సరిగ్గా ఆ శుక్రవారమే మామా ఇంట్లో వీడ్కోలు విందు. గంగారత్నం మామా కాళ్ళా వేళ్ళా పడింది. ఆఖరికి మామా ఒక మాటంది. వంటంతా ముందే చేసిపెట్టి, ఇల్లు కడిగి, గిన్నెలు సర్ది వెళ్ళగలిగితే వెళ్ళు, సాయంత్రానికి వచ్చెయ్. గంగారత్నం గురువారం పొద్దున్న మొదలుపెట్టిన పని శుక్రవారం పొద్దునకి అయింది. మధ్యలో పక్క మీద ఒరగలేదు. అవతల దొరబాబు ముఠాకి మిగిలిన చివరి గడపల మచ్చలు పూడ్చి, నేల సాపు చేసే పని. అతనూ పడుకోలేదు.

సుభాన్ ఆమెని పికప్పులో తెచ్చి దించాడు. చేతిలో టిఫిన్ క్యారేజీ ఉంది. విందుకి వండిన మాంసం అన్నం మామా తనే కట్టించి ఇచ్చిందట.

"సాయంత్రం ఎండ దిగినాక వస్తా. ఇద్దరూ సముద్రం బాగా చూడండి, దుడ్లియ్యకుండా ఇంకోసారి చూడనియ్యరు" అని సుభాన్ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

గది తలుపు తీయగానే గంగారత్నం చెప్పులు బయటే విడిచింది. గోడ మీద చెయ్యి వేసింది. "ఇదేటి బావా, గోడకి కర్ర గీతలున్నాయి?"

"నా పలకలే. ఇదిగో ఈ ముడి ఉన్న పలక మూడుసార్లు చీలింది. అతుకులేసి వాడాను."

"మంచి గోడకి నీ అతుకులు కూడానా" అంటూ ఆ ముడి చుట్టూ వేలితో రాసింది.

మంచం మీద తెల్లటి దుప్పటి, ముడత లేకుండా. ఆమె దాని మీద కూర్చోలేదు. "నలిగితే మళ్ళీ ఎవరో పరవాలి కదా" అని నేల మీద కూర్చుంది. కూర్చున్నది వెంటనే లేచింది. కుళాయి దగ్గర నీటి మరకలు కనిపించాయి. కొంగుతో తుడిచింది. అద్దం తుడిచింది. అతనేమో తలుపు జారే పట్టా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అటూ ఇటూ తోసి చూస్తున్నాడు. ఎడమ వైపు పట్టేస్తోంది. జేబులోంచి ఉలి తీశాడు.

"పని మానెయ్ బావా."

"నువ్వు మానెయ్ ముందు."

"నాకు చేతులూరుకోవు."

"నాకేటి ఊరుకుంటాయేటి?"

ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. ఆమెవి నీళ్ళలో నాని తెల్లబడ్డాయి. అతనివి సిమెంటుకి పగుళ్ళు తేలాయి. గంగారత్నానికి నవ్వొచ్చింది. "చెప్పుల ఫ్యాక్టరీవోళ్ళు ఎలా కూర్చుంటారో నేర్చుకుందాం రా" అని అతన్ని లేపి, తను మంచం చివర ఒద్దికగా కూర్చుంది. అతను గడపల కథ మొదటినించీ చెప్పాడు. పసుపు బియ్యం సంగతి కూడా.

"మరి సముద్రం వస్తే?"

"రావాలంట. అందుకే కట్టారంట."

"ఆవిడ మన గాలివాన చూడలేదు." ఆమె తలుపు అవతలికి చూసింది. "ఆ రోజు అటక మీద నువ్వు నా జడ పట్టుకుని కూర్చున్నావు, గుర్తుందా? నేను పడిపోతానని."

"నువ్వు కాదు, నేను పడిపోతానని."

ఏసీ చప్పుడు సన్నగా, ఒకే తీరుగా సాగుతోంది. పొద్దుటి ఎండ నేల మీదనుంచి మంచం కాళ్ళ దాకా వచ్చింది. "ఒక్క క్షణం నడుం వాలుస్తాను. అన్నం అప్పుడు తిందాం" అంది గంగారత్నం. దుప్పటి నలగకుండా అంచున ఒత్తిగిల్లింది. అతనూ పక్కన ఒరిగాడు. వెస్నా చెప్పినట్టు పడుకుని చూడాలనుకున్నాడు. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచి చూద్దామనుకున్నాడు.

మర్నాడు వెస్నా అడిగింది. "ఎలా ఉంది? సముద్రం గదిలోకి వచ్చిందా?"

దొరబాబు అబద్ధం చెప్పలేకపోయాడు. "తెలీదు మేడం. నిద్రపోయాం. పొద్దుననించి సాయంత్రందాకా. అన్నం కూడా తినలేదు. ఎడమ తలుపు పట్టేస్తోంది, అదొక్కటే చెప్పగలను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ తల ఊపింది. "మా అమ్మ మిల్లులో పనిచేసేది. మొదటిసారి యూనియన్ పంపిస్తే, మూడు రోజులు గది దాటి రాలేదట. నిద్రే." ఎడమ తలుపు సంగతి రాసుకుని ముందుకి నడిచింది.

అది మర్నాటి మాట. ఆ సాయంత్రం మాత్రం అతను కింద సుభాన్ కొట్టిన హారన్‌కి కళ్ళు తెరిచాడు.

ఎండ లేదు. హోటల్ మెట్ల నీడ పొడుగ్గా ఇసక దాటి నీళ్ళ దాకా వెళ్ళింది. కళ్ళు తెరవగానే గది నేల, బాల్కనీ నేల, ఆ వెంటనే సముద్రం. మధ్యలో ఏమీ లేదు. ఆ నేలకీ అతనికీ మధ్య గంగారత్నం పడుకుని ఉంది. అంత వెడల్పు మంచంలో ఒక పక్కకి ముడుచుకుని, మూటలా. బియ్యం బస్తాల మధ్య పడుకోవడం అలవాటైన మనిషి. లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సుభాన్ ఆగుతాడులే అనుకున్నాడు. సముద్రం కేసి చూడలేదు. ఆమె వీపు లేచి పడుతుంటే దాన్నే చూస్తూ ఉన్నాడు.

రెండోసారి హారన్ మోగింది. గంగారత్నం ఉలిక్కిపడి లేచి, "వస్తన్నా మామా" అంది. అప్పుడు గోడ కనిపించింది, అతను కనిపించాడు.

"అయ్యో, పొద్దంతా పోయిందా? లేపలేదేటి?"

"నేనూ ఇప్పుడే లేచాను."

"సముద్రం చూడనే లేదు." జుట్టు ముడేసుకుంటూ హడావిడిగా బాల్కనీకేసి నడిచింది. నడుస్తున్నది గుమ్మం దగ్గర చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టి, పాదం ఎత్తి, అవతల వేసింది. అక్కడ నేల మీద చెక్కేసిన గడప మచ్చ తప్ప ఏమీ లేదు. ఆమెకి ఆ సంగతి తెలియనే లేదు. బాల్కనీ అంచున నిలబడి, "రా బావా, ఒక్క నిమిషం" అని పిలిచింది.

దొరబాబు లేచి వెళ్ళాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతని కాలు కూడా లేచింది.